గోలీ కావాలా, కుర్చీ కావాలా

మందుల ఫ్యాక్టరీలో నర్సు ఉద్యోగం అనగానే మా చుట్టాలందరికీ ఒకటే ఈర్ష్య. "నీకేం, మందులన్నీ ఊరికే వస్తాయి" అనేవారు. నాచారంలో నేను పనిచేసిన కంపెనీ నుంచి లారీల కొద్దీ మాత్రలు దేశదేశాలకు పోయేవి, నిజమే. నా ఫస్ట్ ఎయిడ్ గదిలో మాత్రం ఒక మంచం, ఒక ఇనుప బీరువా, జ్వరం బిళ్లలు, కాలిన గాయాలకు పూసే మందు, ఓఆర్‌ఎస్ పొట్లాలు ఉండేవి. లోపల తయారైన మందు ఒక్క స్ట్రిప్ గేటు దాటకూడదు. బయట కొన్న మందు ఒక్క స్ట్రిప్ ప్యాకింగ్ హాల్లోకి రాకూడదు. ఒకటి దొంగతనమని, రెండోది ఎగుమతి సరుకులో కలిసిపోతుందని భయం. కాబట్టి తలనొప్పి వచ్చినా సరే, చుట్టూ కోట్ల మాత్రలు పెట్టుకుని, నా గదిదాకా నడిచి రావాల్సిందే.

ఇప్పుడు రిటైరై ఉప్పల్లో ఉంటున్నాను. మోకాళ్లు పోయాయి, నోరు మాత్రం ఇంకా పనిచేస్తోంది. ఇలాంటి ఫ్యాక్టరీ గదుల్లో కొత్తగా చేరుతున్న నర్సు పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, అక్కడ పనేముంటుంది మేడమ్ అని అడుగుతుంటారు. వేలు తెగితే కట్టు కట్టడం, కళ్లు తిరిగితే పడుకోబెట్టడం కొద్ది రోజుల్లోనే అలవాటవుతాయి. అలవాటు కానిది ఇంకొకటి ఉంది. దానికి పేరేం పెట్టాలో నాకు తెలియదు. ఒక పిల్ల సంగతి చెబుతాను, మీరే పెట్టుకోండి.

పిల్ల అంటున్నాను గానీ ముప్ఫై దగ్గర పడిన మనిషి. జనగామ వైపు నుంచి పెళ్లి చేసుకుని వచ్చింది. భర్త దగ్గర్లోనే ఒక ఇంజనీరింగ్ షెడ్డులో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. అత్త కూడా వాళ్లతోనే. ఆమెది ప్యాకింగ్ హాల్లో ఇన్‌స్పెక్షన్ పని. బెల్టు మీద స్ట్రిప్పులు వరసగా వస్తుంటే, మాత్ర లేని గుంట, విరిగిన మాత్ర ఉన్నవాటిని చూసి తీసి పక్కన పడేయాలి. కళ్లకు శ్రమే కానీ ఆ హాల్లో కుర్చీలో కూర్చుని చేసే పని అదొక్కటే. మిగతా వాళ్లందరూ షిఫ్టంతా నిలబడాలి, లేదా పెట్టెలు మోయాలి. ఆ కుర్చీ కోసం ఆడవాళ్ల మధ్య ఎన్ని అలకలో నాకు తెలుసు.

ఆమె నెలనెలా నా మంచం మీదకు వచ్చేది. వచ్చేది అనడం తప్పు, ఇద్దరు పట్టుకుని తెచ్చేవారు. మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని, పైట చెంగు నోట్లో కుక్కుకుని పడుకునేది. వేడినీళ్ల సంచి పెట్టేదాన్ని, నొప్పి బిళ్ల ఇచ్చేదాన్ని. అది ఆమె నొప్పికి ఏ మూలకూ వచ్చేది కాదు. సూపర్‌వైజర్ తలుపు దగ్గర నిలబడి గడియారం చూసుకుంటూ "మల్లనా సిస్టర్?" అనేవాడు.

"మల్లనే. నీకొక్కసారి రావాలని మొక్కుకుంటున్న" అనేదాన్ని. నా నోటికి భయపడి వెళ్లిపోయేవాడు.

వాడినొక్కడినే అని లాభం లేదు. తోటి ఆడవాళ్లు కూడా "అందరికి వస్తయ్, నీకొక్కదానికే కొత్తనా" అనేవారు. అత్త అదే మాట. కన్నతల్లి అదే మాట. ఒక డాక్టరమ్మ అయితే పిల్లలు పుడితే అదే పోతుందని పంపేసిందట. ఏళ్ల తరబడి ఒకే మాట వినీ వినీ, నొప్పి తట్టుకోలేకపోవడం తన బలహీనతేనేమో అని ఆమెకూ అనుమానం వచ్చేసింది. ఒకసారి నా మంచం మీద నుంచే అడిగింది. "నిజంగనే నా మనసుల ఉన్నదా సిస్టర్ ఇది? నేనే పెద్దగ జేస్కుంటున్ననా?"

చివరికి ఒక దవాఖానాలో కడుపుకు చిన్న రంధ్రం పెట్టి, లోపలికి కెమెరా పంపి చూశారు. ఎండోమెట్రియోసిస్. గర్భసంచి లోపల ఉండాల్సిన పొరలాంటిది బయట కూడా మొలిచి, నెలనెలా అక్కడ కూడా వాచి, పేగులకూ అండాశయాలకూ అతుక్కుపోయే జబ్బు. ప్రాణం తీయదు, పూర్తిగా పోదు. అణచిపెట్టుకుంటూ బతకాలి. సెలవు అయిపోయి డ్యూటీకి వచ్చిన రోజు ఆ పిల్ల కాగితంలో చుట్టిన జిలేబీ పట్టుకుని నా గదికి వచ్చింది. కడుపు మీద ఇంకా కుట్ల పట్టీలున్నాయి. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"ఏంది బిడ్డా, విశేషమా?" అన్నాను.

"విశేషమే సిస్టర్. నా నొప్పికి పేరొచ్చింది. ఫొటోల కూడ కనవడ్డది. నేను అవద్దం ఆడలే."

నేను చాలామంది రోగుల్ని చూశాను. జబ్బు బయటపడినందుకు తీపి పంచిన మనిషిని ఆమెనొక్కదాన్నే చూశాను. ఆ జిలేబీ తింటుంటే నాకు ఏడుపు వచ్చింది.

రోజూ వేసుకోవాల్సిన హార్మోన్ మాత్ర రాశారు. నెలసరి ఆగిపోయింది, నొప్పి సగానికి పైగా దిగింది. నా మంచానికి రావడం తగ్గింది. నేను సంతోషపడుతుండగానే ఇంకో మార్పు మొదలైంది. క్యాంటీన్‌లో ఒక్కతే గోడవైపు తిరిగి కూర్చునేది. టిఫిన్ డబ్బా తెరిచి, చూసి, మళ్లీ మూత పెట్టేసేది. బెల్టు దగ్గర పని చేస్తూ చేస్తూ కళ్ల వెంట నీళ్లు కారేవి, తుడుచుకోవాలన్న ధ్యాస కూడా ఉండేది కాదు. ఆమె పక్కన పనిచేసే దోస్తు ఒకతె ఉండేది. నాగారం నుంచి బస్సులో వచ్చేది, ఇంటర్ చదివింది, ప్రాణమిచ్చే మనిషి. ఆ దోస్తే నాకు వచ్చి చెప్పింది. "సిస్టర్, అది పొద్దుగాల లేస్తనే ఎందుకు లేసిన్నా అనుకుంటదట. నాకు భయమైతుంది."

నేను వెంటనే సెలవు పెట్టించి ఆమెను ఆడవాళ్ల డాక్టర్ దగ్గరికి పంపాను. ఆ డాక్టరమ్మ మంచిది. కొందరికి ఈ హార్మోన్ మాత్ర వల్ల మనసు కుంగవచ్చనీ, ఏళ్ల నొప్పి వల్ల కూడా కుంగవచ్చనీ, రెండూ కలిసి ఉండవచ్చనీ విడమర్చి చెప్పింది. హార్మోన్ మార్చి చూడవచ్చు. అయితే నొప్పి మళ్లీ తిరగబెట్టే అవకాశం ఉంది. లేదా దాన్ని ఉంచి, మనసు డాక్టర్‌ను కలిసి, కుంగుబాటుకు వేరే మందు మొదలుపెట్టవచ్చు. ఆలోచించుకోమంది. మనసు డాక్టర్ కూడా అదే చెప్పి, ఒక మాత్ర పేరు రాశాడు. పిల్లల కోసం ప్రయత్నించేముందు తనకు ఒక మాట చెప్పమన్నాడు.

ఆ చీటీ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. చూడగానే ఇద్దరం మొహామొహాలు చూసుకున్నాం. అది మా కంపెనీ మాత్రే. మా ప్యాకింగ్ హాల్లో ప్రతి ఆడమనిషికీ ప్రతి స్ట్రిప్ మొహం తెలుసు. రేకు రంగు చూసి ఇది షుగర్‌ది, ఇది బీపీది అని కళ్లు మూసుకుని చెప్పేస్తారు. ఈ స్ట్రిప్‌కు వాళ్లు పెట్టుకున్న పేరు పిచ్చి గోలీ. అది పెట్టినవాళ్లలో ఈ పిల్ల కూడా ఉంది.

"ఇన్నేండ్లు మనసుది మనసుది అన్నరు" అంది. "కడుపుల ఉన్నదని ఫొటో తీపిచ్చి సూపెట్టిన. ఇప్పుడు ఈ గోలీ మింగితే, చూసినవా, మేం చెప్పలేదా అనరా సిస్టర్? నా నోటితోని నేనే ఒప్పుకున్నట్టు గాదా?"

ఆమె బాధ అదీ. మాత్ర వల్ల వికారం వస్తుందా, నిద్ర పడుతుందా అన్నది కాదు. అంత కష్టపడి సంపాదించుకున్న నిజాన్ని ఈ మాత్ర లాగేసుకుంటుందని భయం. నేను నాకు తెలిసినట్టు చెప్పాను. కాలు విరిగిన మనిషికి దుఃఖం వస్తే కాలు విరగలేదని అర్థమా? కడుపులో జబ్బు కడుపులోనే ఉంది, ఫొటోలోనూ ఉంది. దాన్ని మోసి మోసి మనసు కూడా అలిసిపోయింది. రెండింటికీ రెండు మందులు. వింది గానీ ఒప్పుకోలేదు.

అప్పటినుంచి ఆమె ఆ గోలీ గురించి అడగని మనిషి లేడు. భర్తను అడిగింది. అతను మెత్తని మనిషి, "నీకెట్ల మంచిగనిపిస్తే అట్ల" అన్నాడు. ఆ మాట ఆమెకు ఏ సాయమూ చేయలేదు. అత్తను అడిగింది. "పిచ్చి గోలీలు తింటే కడుపు పండుతదా?" అని ఆవిడ తిరిగి అడిగింది. దోస్తును అడిగింది. దోస్తు ఏం చేసిందో తెలుసా? ప్రతి పెట్టెలో మేం పెట్టే మందు కాగితం ఉంటుంది కదా, ఇంగ్లీషులో చీమల్లాంటి అక్షరాలతో. అవి లైన్ దగ్గర కట్టలు కట్టలుగా ఉంటాయి. పని చేస్తూనే అందులో దుష్ఫలితాలు అన్న భాగం వరస తప్పకుండా బట్టీ పట్టేసి, క్యాంటీన్‌లో అందరి ముందూ తెలుగులో అప్పజెప్పింది. ప్రేమతోనే. "అక్కా, తలనొప్పి అంట, కక్కుడంట, చెమటలంట. ఇంకోటి ఉంది, సచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తయంట. వద్దే తల్లీ." చుట్టూ ఉన్న ఆడవాళ్లందరూ అమ్మో అన్నారు. మందు కాగితం మొత్తం చదివి మందు వేసుకోవాలంటే ప్రపంచంలో జ్వరం బిళ్ల కూడా ఎవరూ మింగరు. అయినా ఆ కాగితాన్ని లక్షల సార్లు మడిచిన చేతులకు దాని మీద ఎంత నమ్మకమో అప్పుడు చూశాను.

దోస్తును పిలిచి కూర్చోబెట్టాను. ఆ మాట అబద్ధమని చెప్పలేదు. మొదట్లో కొందరికి, ముఖ్యంగా చిన్న వయసువాళ్లకు అలాంటివి రావచ్చు, అందుకే ఒంటరిగా వదలకూడదు, కనిపెట్టుకుని ఉండి డాక్టర్‌కు చెప్పాలి అన్నాను. "నీ దోస్తుకు గోలీ లేకుండనే ఆ ఆలోచనలు వస్తున్నయని నువ్వే గదా నాకు చెప్పింది?" అన్నాను. తర్వాత దోస్తే ఆ పిల్లను లాక్కొచ్చి నా ముందు నిలబెట్టింది. "ఏసుకోనియ్ సిస్టర్. నేను కనిపెట్టుకుని ఉంట."

ఇంట్లో పెడితే అత్త బయట పారేస్తుంది. హాల్లోకి తేవడానికి వీల్లేదు. మా ఫ్యాక్టరీకి వారానికోసారి ఒక పెద్ద డాక్టర్ వచ్చేవాడు. ఆయన అనుమతి తీసుకుని, గేటు దగ్గర నా పేరు మీద నమోదు చేయించి, ఆమె స్ట్రిప్ నా బీరువాలో పెట్టాను. పొద్దున టీ టైములో వచ్చి, ఒకటి వేసుకుని, నీళ్లు తాగి పోయేది. మొదట్లో వికారం, ఆవలింతలు. మానేస్తానంది. డాక్టర్‌కు ఫోన్ చేయించాను, ఓపిక పట్టమన్నాడు. పట్టింది.

బాగుపడుతోందని నాకెలా తెలిసిందో చెబుతాను. ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌లో పెద్ద గొడవ వినిపించింది. వెళ్లి చూస్తే మన పిల్ల వంటమనిషి మీదకు గరిటె ఎత్తి ఉంది. "ఇది పప్పా? ఇందుల చేపలు పెంచుతవా?" జనమంతా నవ్వుతున్నారు. ఆమె కూడా నవ్వుతోంది. అన్నం డబ్బా తెరిచి గోడవైపు చూసిన మనిషి, పప్పు పలచగా ఉందని యుద్ధం చేస్తోంది. నేను తలుపు పట్టుకుని నిలబడిపోయాను. నా ఉద్యోగంలో నాకు దక్కిన అతిపెద్ద జీతం ఆ గొడవే.

ఆ తర్వాత ఆమెలో దాగి ఉన్న మనిషి కొద్దికొద్దిగా బయటకొచ్చింది. సూపర్‌వైజర్ నడక అచ్చు గుద్దినట్టు నడిచి చూపించేది. భర్త జీతం రోజున ఆమెను రామంతాపూర్ వైపు సినిమాకు తీసుకుపోయాడట, ఇంటర్వెల్ దాకా నవ్విందట. కడుపులో నొప్పి ఉండేది. ఉంది గానీ దానితో మాట్లాడగలుగుతున్న అనేది. నొప్పి మీద కోపం తగ్గింది సిస్టర్ అనేది.

ఇక ఆ రోజు సంగతి. ఆ వారం ఆమె లైన్‌లో సరిగ్గా ఆ మాత్రే ప్యాక్ అవుతోంది. ప్రతి బ్యాచ్ చివర మిషన్ నుంచి వచ్చిన స్ట్రిప్పులు, పెట్టెల్లోకి పోయినవి, పనికిరావని తీసేసినవి అన్నీ కలిపి లెక్క సరిపోవాలి. ఒక స్ట్రిప్ తక్కువ వచ్చింది. మళ్లీ లెక్కపెట్టారు, మళ్లీ తక్కువే. లైన్ ఆపేశారు. ఆడవాళ్లను ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి, లేడీ గార్డు తడిమి చూసింది. ఎవరి దగ్గరా లేదు. అప్పుడు ఎవరో ఒక మాట వదిలారు. "ఆమె రోజు సిస్టర్ రూముల గదే గోలీ మింగుతది గదా."

నా గదికి మేనేజర్ వచ్చాడు, వెనక సూపర్‌వైజర్, వాళ్ల వెనక ఆ పిల్ల. గుమ్మం బయట ఆడవాళ్లు. మేనేజర్ మర్యాదస్తుడు, గొంతెత్తి మాట్లాడడు. "సిస్టర్, బీరువా ఒకసారి తెరుస్తారా?"

"తెరవను" అన్నాను. "రోగుల మందులు ఉంటాయి అందులో. డాక్టర్ గారు చెబితే తెరుస్తాను. మీరు చెబితే తెరవను."

"అయితే అనుమానం అలాగే ఉండిపోతుంది కదండీ. ఆమెకే నష్టం."

ఆయన అన్నది నిజం. దొంగతనం కేసు అంటే ఉద్యోగం పోతుంది, ఇంకే కంపెనీ గేటూ తెరుచుకోదు. బీరువా తెరిస్తే స్ట్రిప్ మీద బ్యాచ్ నంబరు వేరే ఉంటుంది, పాతది, మెడికల్ షాపులో కొన్నది. ఆమె దొంగ కాదని క్షణంలో తేలిపోతుంది. దాంతో పాటు ఆమె ఏం వేసుకుంటోందో, ఎందుకు వేసుకుంటోందో, గుసగుసగా ఉన్నది బహిరంగమైపోతుంది. నేను ఆమె వైపు తిరిగాను. "నీ ఇష్టం బిడ్డా. నువ్వు వద్దంటే నా ప్రాణం పోయినా తాళం ఇయ్య."

ఆమె అందరినీ ఒకసారి చూసింది. "సూపెట్టు సిస్టర్. దొంగది అనిపించుకునుడు కంటే పిచ్చిది అనిపించుకునుడే నయం."

చూపించాను. మేనేజర్ నంబరు చూసి, తల ఊపి, సారీ అని నాతో అన్నాడు. ఆమెతో అనలేదు. మధ్యాహ్నానికి పోయిన స్ట్రిప్ బెల్టు కింది రేకు సందులో నలిగి దొరికింది. లైన్ మళ్లీ నడిచింది.

రెండు మూడు రోజులకు ఆర్డరు వచ్చింది. ఆమెను ఇన్‌స్పెక్షన్ నుంచి తీసి లోడింగ్‌లో వేశారు. అంటే నిండిన అట్టపెట్టెలు ఎత్తి చెక్క ప్యాలెట్ మీద పేర్చడం. నేను చెప్పులు టపటపలాడించుకుంటూ మేనేజర్ గదికి వెళ్లాను.

"ఆమె మంచి కోసమే సిస్టర్" అన్నాడు. "ఇన్‌స్పెక్షన్ అంటే కంటి పని, శ్రద్ధ పని. అలాంటి మందు వాడుతున్న మనిషిని అక్కడ కూర్చోబెట్టి రేపేదైనా తప్పు జరిగితే, ఆడిట్‌లో నేనేం చెప్పాలి?"

"మందు వేసుకోకముందు ఏడుస్తూ పనిచేసింది, అప్పుడు మీకు శ్రద్ధ గుర్తురాలేదా? ఇప్పుడు బాగుంది. డాక్టర్ గారితో రాయించి తెస్తాను, చాలా?"

"తీసుకురండి. చూద్దాం."

రాయించి తెచ్చాను. ఇన్‌స్పెక్షన్ పనికి అన్నివిధాలా తగినదని, బరువులు ఎత్తించవద్దని పెద్ద డాక్టర్ స్పష్టంగా రాశాడు. మేనేజర్ దాన్ని చదివి పై ఆఫీసుకు పంపాడు. పై ఆఫీసు దాన్ని ఇంకెక్కడికో పంపింది. ఇప్పటికీ అది ఎక్కడో ఒకచోట ప్రయాణం చేస్తూనే ఉండాలి. ఎవరూ కాదనలేదు, ఎవరూ ఔననలేదు. సూపర్‌వైజర్ మాత్రం ఒకరోజు ఆమెకు స్నేహంగా సలహా ఇచ్చాడు. "ఆ గోలీ బంద్ జెయ్. బంద్ జేసిన్నని రాసియ్. నీ కుర్చీ నీకు ఇప్పిస్త."

పెట్టెలు ఎత్తడం మొదలుపెట్టాక ఆమె కడుపు ఊరుకోలేదు. మళ్లీ నా మంచం మీదకు వచ్చింది. ఈసారి ఎవరూ పట్టుకుని తేలేదు, గోడ పట్టుకుని తనే వచ్చింది. వేడినీళ్ల సంచి పెట్టాను.

"సిస్టర్, నువ్వే జెప్పు. గోలీ ఏసుకుంటే కుర్చీ లేదు. కుర్చీ లేకుంటే పెట్టెలు. పెట్టెలెత్తితే ఈ నొప్పి. నొప్పితోని మల్ల పడుకుంటే గోలీ ఏం జేస్తది? గోలీ బంద్ జేస్తే కుర్చీ అన్న ఉంటది."

"ఉద్యోగం మానేస్తే?"

"కిరాయెట్ల? మందులెట్ల?" అని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఆ రోజుల్లో ఆమె మళ్లీ అందరినీ అడిగింది. అత్త సంతోషించింది. తల్లి ఫోన్‌లో "బంద్ జెయ్ బిడ్డా, మనకెందుకు" అంది. భర్త ఈసారి కూడా నీ ఇష్టం అన్నాడు, కానీ ఏడ్చాడట. దోస్తు ఒక్కతే వద్దే వద్దని పట్టుబట్టింది. నేను కోపంగా చెప్పాను, బుజ్జగించి చెప్పాను, కొట్లాట ఇంకా అయిపోలేదు, కొన్ని రోజులు ఆగమన్నాను. ఆగే ఓపిక ఆమె కడుపుకు లేదు. ఎవరికీ చెప్పకుండా ఒక్కసారిగా మాత్ర మానేసింది. ఈ మందులు అలా మానకూడదు, మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. తల తిరిగి, తలలో కరెంటు కొట్టినట్టు ఝల్లుమంటోందని ప్యాలెట్ పక్కన కూలబడింది. ఆటోలో వేసుకుని మనసు డాక్టర్ దగ్గరికి నేనే తీసుకుపోయాను. ఆయన ఆమెను తిట్టలేదు. సంగతంతా విని, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "మందు పనిచేయకపోతే వేరేది రాస్తానమ్మా. ఇది పనిచేసింది. నేనేం రాయాలి?" అన్నాడు. ఇంకొన్నాళ్లు వాడమని గట్టిగానే చెప్పాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. చివరికి క్రమంగా తగ్గించే పద్ధతి రాసిచ్చి, ఏమాత్రం తేడా వచ్చినా వెంటనే రమ్మన్నాడు.

కుర్చీ వచ్చింది. మాట ప్రకారం ఇచ్చారు, ఆ విషయంలో కంపెనీని అనడానికి లేదు. ఆమె మళ్లీ బెల్టు ముందు కూర్చుంది. నొప్పి కాస్త సద్దుకుంది. తప్పు స్ట్రిప్పుల్ని ఎప్పటిలాగే సరిగ్గా పట్టుకునేది. క్యాంటీన్‌లో పప్పు ఎప్పటిలాగే పలచగా ఉండేది. ఆమె ఏమీ అనేది కాదు. అన్నం డబ్బా తెరిచి గోడవైపు తిరిగి కూర్చునేది. దోస్తు పక్కన కూర్చుని ముద్దలు కలిపి పెట్టేది, చిన్నపిల్లకు పెట్టినట్టు.

కొన్నాళ్లకు పెద్ద ఆపరేషన్ అని సెలవు పెట్టింది. సెలవు పొడిగించింది. తర్వాత రాజీనామా వచ్చింది. ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చున్నారు. ఆ తర్వాత నేనూ రిటైరయ్యాను. దోస్తు ఫోన్‌లో అప్పుడప్పుడు ఆమె కబురు చెప్పేది. తర్వాత అదీ తగ్గిపోయింది.

మీరు నన్ను అడగవచ్చు, ఇందులో దుర్మార్గుడెవరని. నేనూ చాలా వెతికాను. మేనేజర్ గొంతెత్తలేదు. సూపర్‌వైజర్ సాయం చేశాననే అనుకున్నాడు. అత్తకు మనవడు కావాలి, అందులో తప్పేముంది? దోస్తుది ప్రేమ. అందరూ మంచివాళ్లే, అదే నాకు ఒళ్లు మండే విషయం. ఒక మనిషి మింగాల్సిన మాత్ర గురించి ఊరంతా ఓటు వేసింది. డాక్టర్లు చక్కగా తూచి ఇచ్చిన దాన్ని తీసుకెళ్లి మేం ఒక కుర్చీతో తూచాం. రేపు మీ గదికి కూడా ఇలాంటి పిల్ల వస్తుంది. ఆమె మందు మంచిచెడ్డలు డాక్టర్ చూసుకుంటాడు. ఆ మందు వేసుకుని బతకడానికి ఆమెకు చోటుందా అన్నది మీరు చూడాలి.

మొన్నీమధ్య ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర, మెట్రో కింద బస్టాప్‌లో నిలబడి ఉన్నాను. "సిస్టర్" అని ఎవరో చెయ్యి పట్టుకున్నారు. గుర్తుపట్టడానికి క్షణం పట్టింది. బాగా చిక్కింది. చేతిలో చీరల సంచి. ఇంట్లోనే ఫాల్స్ కుడుతున్నానని చెప్పింది.

"ఆరోగ్యం ఎట్లున్నది బిడ్డా?"

"గర్భసంచి తీసేసిన్రు సిస్టర్. నొప్పి తగ్గింది, మొత్తం పోలే. ఇగ పిల్లల ముచ్చట ఇంట్ల ఎవ్వరు తీస్తలేరు." వేరేవాళ్ల సంగతి చెబుతున్నంత మామూలుగా చెప్పింది.

"మనసు?"

చీరల సంచి ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది. తర్వాత నా దగ్గరగా జరిగి, చుట్టూ ఎవరైనా వింటున్నారేమో చూసి, మెల్లగా అడిగింది.

"కుర్చీ పాయె. కడుపు పాయె. ఇప్పుడు పోయేదేం లేదు గద సిస్టర్. ఇప్పుడన్న ఆ గోలీ ఏసుకోవచ్చా?"

"రేపు డాక్టర్ దగ్గరికి పోదాం. నేనొస్త నీ తోని" అన్నాను. "ఏసుకోవచ్చు బిడ్డా. అప్పుడు కూడ ఏసుకోవచ్చుండె."

ఆ రెండో మాట అనకపోతే బాగుండేది. దొంగ అన్న రోజు ఏడవని మనిషి, పెట్టెలెత్తిన రోజు ఏడవని మనిషి, నడిరోడ్డు మీద నా భుజం మీద పడి చిన్నపిల్లలా ఏడ్చింది. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. ఇద్దరం ఏదీ ఎక్కలేదు.